మొదటి తప్పు

కోర్టు గేటు పక్కన చనిపోయిన లాయరుగారి ఫ్లెక్సీ కట్టారు. మనిషి కంటే పెద్దది. నల్లకోటు, తెల్ల బ్యాండు, కుడిచేతిలో కళ్ళజోడు. కింద ఎర్ర అక్షరాలతో ‘నిష్కళంక న్యాయకోవిదునికి అశ్రునివాళి’ అని. బ్యాంకుకు వెళ్తూ ఆటోలోంచి చూశాను. ఆటో ముందుకు వెళ్ళిపోయింది గాని ఆ మొదటి మాట నాకు గొంతు దిగలేదు. నిష్కళంక! లంచం ఇచ్చి పోలీసు కాగితం కొన్నందుకు శిక్ష పడ్డ మనిషి ఆయన. అప్పీలు వేసుకుని, బెయిలు మీద బయట తిరుగుతూ, ఆ అప్పీలు విచారణకు రాకముందే పోయాడు. మనిషి పోయాడు కనుక కేసు ఆగింది. ఆగిపోవడం వేరు, మచ్చ పోవడం వేరు. జీవితమంతా కోర్టు ఆఫీసులో పనిచేసిన నాకు ఆ తేడా తెలుసు. ఫ్లెక్సీ కట్టినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆయన పాత జూనియరు మా ఇంటికి వచ్చాడు. జూనియరంటే ఇప్పటి మాట కాదు. నలభై దాటాయి, తన కిందే ఇద్దరు పనిచేస్తున్నారు. చేతిలో కొత్త సంవత్సరం డైరీ ఉంది. లాయర్లు వాడే లావుపాటి డైరీ.

“సార్, గురువుగారుంటే ప్రతి జనవరిలో మీకు పంపేవారు కదా. ఆ ఆనవాయితీ ఆగకూడదని తెచ్చానండి.”

“కూర్చోండి.”

“సంస్మరణ సంచిక వేస్తున్నాం సార్. మీరు ఆయన్ని పాతికేళ్ళ పైన చూశారు. పైగా డైరీలు రాసే అలవాటు మీకు. నాలుగు మంచి మాటలు రాసివ్వాలి. ఎక్కువొద్దండి, నాలుగే నాలుగు వాక్యాలు.”

సరే, చూస్తానన్నాను. అతను వెళ్ళాక కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాలేదు. ఇదంతా వచ్చింది.

మంచి మాటలు లేక కాదు. అదే నా బాధ. ఆయన గురించి మంచి మాటలు చాలా ఉన్నాయి.

కోర్టు వరండాలోకి ఆయన అడుగుపెడితే అటెండరు దగ్గర్నుంచి అందరి ఇంటి సంగతులూ అడిగేవాడు. “ఏవయ్యా, మీ ఆవిడ మోకాలు ఎట్లా ఉంది? గుంటూరులో చూపించావా?” అని ఆగి మరీ అడిగేవాడు. జవాబు వినేవాడు కూడా. పేదవాళ్ళు వస్తే తన కుర్చీ జరిపేవాడు. “అమ్మా, అక్కడెందుకు, ఫ్యాను కిందకి రా” అనేవాడు. చాలామంది దగ్గర ఫీజు తీసుకోలేదన్నదీ నిజమే.

వాళ్ళది వినుకొండ వైపు మిరప పండించే ఇల్లు. రైతులు మిర్చి యార్డుకు వెళ్తూ ఆయన దగ్గర ఆగేవారు, సంచిలో నాలుగు ఎండుకాయలు పెట్టుకుని. ఆయన ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. ఆ చప్పుడు విని “ఇంకో రెండెండలు కావాలిరా, ఇప్పుడు తీసుకుపోతే తేమ ఉందని ధర కొట్టేస్తారు” అని చెప్పేవాడు. ఒకసారి నా టేబులు దగ్గర నిలబడే విరిచి, గింజలు అరచేతిలో పోసుకుని చూపించాడు.

“చూశారా, ఇదండీ రైతు అంటే. ఏడాది పొడుగునా పడ్డ కష్టమంతా ఈ గింజ మాట నిలబెట్టుకుంటేనే. గింజ మోసం చేసిందా, ఇక ఆ కుటుంబం లేవదు.”

ఈ మాట నా డైరీలో ఉంది. విన్న రోజునే రాసుకున్నాను, అంత నచ్చింది. తరవాత ఆయన చేసిన పని పక్కన పెట్టి చదివితే ఒళ్ళు మండుతుంది.

వాదన మొదలుపెట్టేముందు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టేవాడు. ముద్దాయికి నేరం రుజువయ్యాక, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడుగుతారు కదా, ఆ ఘట్టం ఆయన సొంతం. ఆ ఐదు నిమిషాలు చూడటానికి పక్క కోర్టుల వాళ్ళు వచ్చేవారు. బోను దగ్గరికి నడిచి వెళ్ళేవాడు. కళ్ళజోడు తీసేవాడు. ముద్దాయి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా మొదలుపెట్టేవాడు. వీడి వయసు చూడండి, వీడి ఇల్లు చూడండి, ఇదే మొదటి తప్పు. ఆ చెయ్యి భుజం మీద పడగానే ఎంత గట్టి ముద్దాయైనా ఏడ్చేవాడు. నాక్కూడా ఒకటి రెండుసార్లు కళ్ళు చెమర్చాయి. అదీ రాసుకున్నాను.

నన్ను ఆయన ‘టైమాఫీసరుగారూ’ అని పిలిచేవాడు. నేను దరఖాస్తులు తీసుకునే సెక్షన్లో ఉండేవాణ్ణి. కాగితం అందిన తేదీ వేస్తే చాలు, రూలు అంతే. నేను గంట, నిమిషం కూడా వేసేవాణ్ణి. కాగితం మీదా, రిజిస్టర్లోనూ. ఎవరూ చెప్పలేదు, నా అలవాటు.

“టైమాఫీసరుగారూ, నేను మూడు నిమిషాలు లేటని రాశారేంటి?”

“లేటని రాయలేదండి. వచ్చింది ఎప్పుడో రాశాను.”

“మీ చేతిలో పడితే దేవుడైనా టైముకి రావాలి” అని పెద్దగా నవ్వేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు, అదీ నవ్వుతూనే. “కేసు పుట్టకముందే నేను అక్కడుండాలండీ. అప్పుడే లాయరుని.” అది ఆయన చురుకుదనం అనుకున్నాం అందరం.

ప్రతి జనవరి మొదటి వారంలో నాకు ఒక డైరీ ఇచ్చేవాడు. అట్ట మీద బంగారు రంగులో నా పేరు అచ్చు వేయించి. తీసుకున్నాను. పద్దెనిమిది డైరీలు.

ఇక ఆ కేసు సంగతి.

ఆ ఏడు మా దగ్గర కౌలు రైతులు కొందరు ఒకే కొట్టులో మిరప విత్తనాలు కొన్నారు. మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఆకు నిగనిగలాడింది. కాయ లేదు. పీకి గట్టు మీద పడేసుకుని ఏడ్చారు. కొట్టు యజమాని మాత్రం కంపెనీ ప్యాకెట్టే అమ్మానన్నాడు. అసలు సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, మార్తమ్మ. కూలిపనులు చేసుకునే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. ఆ కొట్టు గోడౌన్లో రెండు నెలలు పనిచేసింది. గోతాల్లో వచ్చిన లూజు గింజల్ని కంపెనీ పేరున్న ప్యాకెట్లలో పోసి సీలు వేయించింది ఆమె చేతనే. రైతుల ఏడుపు చూశాక, వాళ్ళ చర్చి పాస్టరుగారిని తోడు తీసుకుని వెళ్ళి కొత్తగా వచ్చిన ఎస్సైకి చెప్పింది. ఒక్కటే అడిగింది. “నా పేరు బయటికి రానీయకండయ్యా, ఆ కొట్టాయన మనుషులే మాకు పనులిచ్చేది.” ఎస్సై మాట ఇచ్చాడు. సాయంత్రం వాంగ్మూలం రాయించాడు. మర్నాడు మధ్యాహ్నం గోడౌన్ సోదా చేసి, సరుకు పట్టుకుని, అప్పుడు కేసు కట్టాలని అతని ఆలోచన.

ఆ మర్నాడు పొద్దున పదింటి నలభైకి లాయరుగారు కొట్టు యజమాని తరఫున ముందస్తు బెయిలు దరఖాస్తు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అరెస్టు చేస్తారని భయం ఉంటే కేసు కట్టకముందే అలా అడగొచ్చు, తప్పేమీ లేదు. నేను సమయం వేశాను. పేజీలు లెక్కపెడుతూ కళ్ళతో చూశాను. అందులో ఇలా ఉంది: గోడౌన్లో పనిచేసి మానేసిన ఒక స్త్రీ కక్షతో చెప్పిన మాటలు నమ్మి పోలీసులు కేసు పెట్టబోతున్నారు. గోతాలు వచ్చాయన్నది అబద్ధం. రాత్రిపూట సీలు వేశారన్నది అబద్ధం. నీలం మూతల డబ్బాలో జిగురు కలిపారన్నది అబద్ధం.

ఆయన పద్ధతి అది. ఎదుటివాళ్ళ కాగితంలో ఎన్ని మాటలుంటే అన్నిటికీ వరసగా జవాబు రాయాలి, ఒక్కటీ వదలకూడదు. జూనియర్లకు అదే నేర్పేవాడు. ఆ పద్ధతే ఆయన్ని పట్టించింది. ఎదుటి కాగితం ఇంకా కోర్టుకే రాలేదు. ఎస్సై బీరువాలో ఉంది. ఎవరూ అడగని ప్రశ్నలకు ఒక్కొక్కదానికి జవాబు రాసుకుని వచ్చాడు.

మధ్యాహ్నం ఎస్సై వెళ్ళేసరికి గోడౌన్ తుడిచి నీళ్ళు చల్లి ఉంది. సాయంత్రం దరఖాస్తు కాపీ అతని చేతికి అందింది. మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

“సార్, ఈ కాగితం మీకు ఎన్నింటికి అందింది?”

“పది నలభై. అక్కడే రాశాను చూడండి.”

“ఆ నీలం మూత డబ్బా సంగతి నాకూ, ఆమెకీ, రాసిన మా రైటరుకీ తప్ప తెలీదు సార్” అన్నాడు.

రైటరంటే స్టేషన్లో కాగితాలు రాసే కానిస్టేబుల్. అతని ఫోన్లో వాంగ్మూలం ఫొటో, అది వెళ్ళిన లాయరుగారి నంబరు, దానికి అందిన డబ్బు లెక్క అన్నీ దొరికాయి. ఇద్దరి మీదా లంచం కేసు పెట్టారు. విత్తనాల కేసు మాత్రం సరుకు దొరకక కూలిపోయింది. రైతులకు పైసా రాలేదు. కోర్టులో నా సాక్ష్యం చిన్నదే. ఆ అక్షరాలు నావేనా? నావే. ఆ సమయం సరైనదేనా? సరైనదే. అంతే అడిగారు.

శిక్ష వేసే రోజుకు నేను రిటైరై ఉన్నాను. అయినా వెళ్ళాను. కోర్టు నిండిపోయింది, సగం నల్లకోట్లే. బోనులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. జడ్జిగారు శిక్ష గురించి అడగ్గానే రైటరు చేతులు జోడించాడు. “తప్పయింది సార్. మా అమ్మకి డయాలసిస్ సార్” అని ఆగిపోయాడు. అప్పుడు లాయరుగారి చెయ్యి, ఎన్నేళ్ళ అలవాటో, దానంతటదే లేచి రైటరు భుజం మీద పడింది. రైటరు ఆ భుజాన్ని విదిల్చుకున్నాడు. బోను కొయ్యకు చెయ్యి తగిలి చప్పుడైంది. కోర్టంతా చూసింది.

ఆయన తడబడలేదు. కళ్ళజోడు తీశాడు. తన వయసు చెప్పాడు. షుగరు చెప్పాడు. ఉచితంగా వాదించిన కేసులు చెప్పాడు. ఆ తరవాత అన్నాడు: “రహస్యం దాస్తానని ప్రమాణం చేసింది యూనిఫాం వేసుకున్న మనిషి. నేను నా క్లయింటు కోసం అడిగాను. అడగడం నా వృత్తి. ఇవ్వకపోవడం అతని వృత్తి.”

అప్పటిదాకా ఆయన మీద నాకు మిగిలిన కాస్త జాలీ ఆ మాటతో పోయింది. కాళ్ళ కింద పడ్డవాణ్ణి మెట్టు చేసుకుని పైకెక్కడమేగా అది!

రైటరుకు నాలుగేళ్ళు. లాయరుగారికి ఏడాది. లంచం తీసుకున్న ఉద్యోగికి ఇంతకు తగ్గకూడదని చట్టంలో ఒక హద్దు ఉంది, ఇచ్చినవాడికి లేదు. ఆ ఖాళీలో జడ్జిగారు దయ చూపించారు. కారణాలు చదివారు. వయసు, అనారోగ్యం, వృత్తిలో సుదీర్ఘమైన అనుభవం, ఇన్నేళ్ళలో ఇదే మొదటి తప్పు.

నాకు న్యాయశాస్త్రం రాదు. బల్ల వెనక కూర్చుని కాగితాలు అందుకున్నవాణ్ణి. అయినా అడుగుతాను. సుదీర్ఘమైన అనుభవం శిక్ష తగ్గించే కారణం ఎట్లా అవుతుంది? సాక్షి పేరు బయటపడితే సాక్షికి ఏమవుతుందో రైటరుకు సగం తెలుసు. లాయరుకు మొత్తం తెలుసు, పాతికేళ్ళుగా చూస్తున్నాడు. గింజ మోసం చేస్తే కుటుంబం ఏమవుతుందో నాకు పాఠం చెప్పినవాడు. రైటరు అవసరంలో అమ్మాడు, అది నేరమే, జైలుకు వెళ్ళాడు, ఉద్యోగం పోయింది. ఈయనకు ఏ అవసరమూ లేదు. కేసు కంటే ముందుండాలన్న దర్పం కోసం కొన్నాడు. తెలిసినవాడి తప్పు తెలియనివాడి తప్పు కంటే బరువు కాదా? అనుభవాన్ని తక్కెడలో ఏ పక్క వేశారండీ?

ఆ రోజు బస్టాండులో మార్తమ్మ కనిపించింది. ఆమె కూడా సాక్షే, తీర్పు వినాలని వచ్చింది గాని లోపల చోటు దొరకలేదు. అద్దంకి బస్సు కోసం బల్ల మీద కూర్చుంది. ఊళ్ళో ఉండలేక అద్దంకి దగ్గర చెల్లెలి ఊరు చేరింది. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మిరపకోతల రోజుల్లో పొద్దున్నే కూలీల ముఠాను ఎక్కించుకునే ట్రాలీ ఆటో ఆమె ముందు ఆగడం మానేసింది, అంతే. పదిహేను రోజులు క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద నిలబడిందట. రోజూ ఆటో నెమ్మదించేది, అందులోని ఆడవాళ్ళు తల తిప్పుకునేవారు, వెళ్ళిపోయేది.

“ఎంతేశారు సారూ?”

“రైటరుకు నాలుగేళ్ళు. లాయరుగారికి ఏడాది.”

“ఏడాదేనా!” అని వేళ్ళు ముడిచి చూసుకుంది. “నాకు ఇప్పటికే రెండు కోతలు పోయినాయి. మా ఊరు పోయింది, మా చర్చి పోయింది. నేనేం చేశానని? నిజం చెప్పినందుకు ఆయనకంటే నాకే ఎక్కువేశారుగా!”

నేను బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాను.

“నేనాయన్ని ఒకసారి చూశాలే. సాక్ష్యం చెప్పే రోజున. ‘ఏమ్మా బాగున్నావా, ఫ్యాను కింద కూర్చో’ అన్నాడు. చాలా మర్యాదగా. నేను నిలబడే ఉన్నాను సారూ. ఏందయ్యా ఈ మనిషి!” బస్సు వచ్చే వైపు ఒకసారి చూసి అడిగింది. “ఇదే మొదటి తప్పని తగ్గించారంట, బయట ప్లీడర్లు చెప్పుకుంటున్నారు. నిజమేనా సారూ?”

“ఏది?”

“మొదటి తప్పన్నది.”

“జడ్జిగారు అట్లాగే రాశారమ్మా.”

“అట్లా రాశారు, సరే. నిజమేనా?”

అద్దంకి బస్సు వచ్చింది. నేను జవాబు చెప్పకముందే జనం తోసుకున్నారు. కాదు, ఇది సరిగ్గా రాయాలి. జవాబు చెప్పేంత సమయం ఉంది. నేను బస్సు వచ్చిందని చూపించాను.

ఇంటికి వచ్చి బీరువా తీశాను. అట్ట మీద నా పేరున్న డైరీలు. నాకు గుర్తుంది, ఎక్కడున్నాయో వెతకక్కర్లేకపోయింది. అట్లా కేసు కంటే ముందే వచ్చిన ఆయన దరఖాస్తుల సంగతులు మూడుచోట్ల ఉన్నాయి. వేరే ఏళ్ళవి, వేరే స్టేషన్లవి. ఈ కేసు చూసినవాళ్ళకు వాటి సంగతి తెలిసే దారి లేదు. పత్తి లారీ దొంగతనంలో పోలీసు పంచనామా కోర్టుకు రాకముందే దానిలోని తప్పులు ఎత్తి చూపించిన దరఖాస్తు. పొలం గట్టు కొట్లాటలో అరెస్టు జాబితాలో ఉన్న ఐదుగురి పేర్లూ అదే వరసలో. మూడోది, భర్త కొడుతున్నాడని ఒక అమ్మాయి పొద్దున స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదుకు మధ్యాహ్నానికల్లా మాట మాటకూ జవాబు. ఆ అమ్మాయి వారం తిరక్కుండా ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. దాని పక్కన నేను రాసుకున్నది ఇదీ: ‘ఈయనకు ఇంత ముందుగా ఎట్లా తెలుస్తోంది? ఆలోచించవలసిన విషయం.’

ఆలోచించవలసిన విషయమట! ఎవరు ఆలోచించాలని? ఏ అధికారికీ చెప్పలేదు. రాసుకున్నాను కదా అనుకున్నాను. రాస్తే ఆ పని అయిపోయినట్టే నాకు. మా ఉద్యోగంలో అందరికీ ఉన్న జబ్బే ఇది. కాగితం ఎక్కితే చాలు, సంగతి ఎక్కడికో చేరిపోయినట్టు లెక్క. పైగా అడిగి చూడండి, ఆ డైరీలు ఎవరిచ్చారు? రైటరుకు డబ్బు ఇచ్చాడు, నాకు డైరీ ఇచ్చాడు. అతను కాగితం ఇచ్చాడు, నేను నోరు మూసుకున్నాను. నా పేరు ఏ కేసులోనూ లేదు. ఉంటే నాక్కూడా మొదటి తప్పే అనేవారేమో.

సాక్ష్యం రోజున ఇంతకుముందు ఇట్లా జరిగిందా అని నన్నెవరూ అడగలేదు. అడగలేదన్నది నిజం. చెప్పకూడదని ఎవరూ అనలేదన్నదీ నిజం. ఏడాది శిక్ష మీద నాకు ఇంత కోపం. ‘మొదటి తప్పు’ అన్న ఆ మాట నిలబడింది నా బీరువా మూసి ఉన్నందుకే.

నిన్న ఆ పాత జూనియరు మళ్ళీ వచ్చాడు.

“రాశారా సార్? అచ్చుకు పంపాలండి.”

అడిగినట్టే నాలుగు వాక్యాలు ఇచ్చాను. మూడు డైరీల్లోంచి ఎత్తి రాసిన మూడు సంగతులు, సమయంతో సహా. నాలుగోది: ‘ఇవి నాకు ఆ రోజుల్లోనే తెలుసు, నేను ఎవరికీ చెప్పలేదు.’ కింద నా సంతకం, నా హోదా.

నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.

“ఇది వేయలేం సార్.”

“తెలుసు. ఇంకో రెండు కాపీలు తీశాను. ఒకటి అప్పీలు ఆగిపోయిన కోర్టుకు పోస్టు చేశాను. వాళ్ళు ఏమీ చేయలేరు, అదీ తెలుసు. ఇంకోటి రేపు అద్దంకి తీసుకెళ్తున్నాను. ఆమె ఒక ప్రశ్న అడిగింది, జవాబు బాకీ ఉంది.”

“చనిపోయినాయనకి ఇప్పుడేమీ కాదు. చెడ్డపేరు మీకే కదా సార్?”

“అవును. అందుకే సంతకం పెట్టాను” అన్నాను. అతను తెచ్చిన కొత్త డైరీని, విప్పని కవరుతోనే, అతని చేతిలో పెట్టాను.